లిఫ్ట్ చేసే బండికి ఏ సస్పెన్షన్? విజయవాడ, గుంటూరు దారుల్ని బట్టి ఎంపిక

విజయవాడ ఆటోనగర్‌లో జీపు ఆపి సస్పెన్షన్ మాటెత్తితే ముందుగా వినపడే ప్రశ్న "ఎన్ని అంగుళాలు లేపుదాం?" అని. దానికి జవాబు ఆఖర్న తేలాలి. బండి మీద ఎప్పుడూ ఉండే అదనపు బరువు ఎంత, ఎలాంటి నేల మీద తిప్పుతారు, హైవే మీద ఎంత తిరుగుతుంది అన్న మూడూ ముందు తేల్చుకుంటే ఎత్తు దానంతట అదే తేలుతుంది. అంగుళాలతో మొదలుపెట్టినవాళ్లు తరవాత షాకబ్జార్లు, బుష్‌లు, క్రాస్ బేరింగులు వరసగా మార్చుకుంటూ పోతారు.

ఎత్తు వల్ల ఏం వస్తుందో, ఏం రాదో కూడా తెలిసి ఉండాలి. స్ప్రింగులు మార్చి 50 మి.మీ. లేపితే పైకి వెళ్లేది ఛాసిస్, బాడీ, బంపర్లు. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగలదు, గట్టు దిగేటప్పుడు వెనక బంపర్ తగలదు, మధ్యలో పొట్ట రాయదు. వెనక ఆక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ (గేర్ల పెట్టె) మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. అది చక్రాల మధ్య ఉంటుంది, దాని ఎత్తు పెరగాలంటే టైరు పెరగాలి. మారుతి జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మి.మీ., 235/75 ఆర్15 వేస్తే సుమారు 733. అందులో సగం, అంటే 20 మి.మీ., డిఫరెన్షియల్ కింద దొరుకుతుంది.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి డొంకల్లో దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. వానల్లో ట్రాక్టరు చక్రాలు లోతైన గాళ్లు చేస్తాయి, మధ్యలో మట్టి గట్టు మిగులుతుంది, ఎండాక అది రాయిలా తయారవుతుంది. మన చక్రాలు ఆ గాడిలో దిగితే డిఫరెన్షియల్ గట్టు మీద కూర్చుంటుంది. నాలుగంగుళాలు లేపిన బండయినా, టైర్లు పాతవే ఉంటే, పక్కనున్న మామూలు బండి ఎక్కడ దిగబడిందో అక్కడే దిగబడుతుంది. సూర్యలంక ఇసుకలో గానీ, కృష్ణ ఇసుక మేటల్లో గానీ లిఫ్ట్ పాత్ర ఇంకా తక్కువ. టైరు గాలి 15–18 పీఎస్‌ఐకి దించడమే అక్కడ బండిని నడిపిస్తుంది. లిఫ్ట్ నిజంగా పనికొచ్చేది కాలవ గట్లు, వాగు ఒడ్లు, కొండ అంచుల్లోని రాతి మెట్లు ఉన్నచోట. మీ తిరుగుడు అలాంటి చోట్ల లేకపోతే మంచి ఆల్ టెరైన్ టైర్లు, కంపెనీ ఎత్తులోనే మెరుగైన షాకబ్జార్లు వేయించుకుని ఆగిపోవడం తెలివైన పని.

మీ బండి కింద ఏముంది?

ఎంపికలన్నీ దీన్ని బట్టే ఉంటాయి. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఆక్సిళ్లు (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు. 2020 మహీంద్రా థార్‌కీ, థార్ రాక్స్‌కీ ముందు డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి ఆర్మ్ పట్టుకుని విడిగా కదలనిచ్చే పద్ధతి), వెనక గట్టి ఆక్సిల్ మీద కాయిల్. పాత థార్ సీఆర్‌డీఈకి ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (వంపు తిరిగిన ఉక్కు ప్లేట్ల కట్టలు). ఇసుజు వీ-క్రాస్‌కి ముందు కాయిల్, వెనక కమాన్ కట్టలు. పాత ఎమ్ఎమ్ 540 లాంటి జీపులకు నాలుగు మూలలా కమాన్ కట్టలే. ఒకరి జిమ్నీకి బాగా కుదిరిన పద్ధతి మీ థార్‌కి సరిపోతుందన్న నమ్మకం లేదు.

స్పేసర్లు, స్ప్రింగులు

అన్నిటికన్నా చవక దారి స్పేసర్. గట్టి ఆక్సిల్ మీద కాయిల్ ఉంటే, స్ప్రింగు పైన 30 మి.మీ. దిమ్మ పెడితే బండి దాదాపు 30 మి.మీ. లేస్తుంది. ఇండిపెండెంట్ ముందు భాగంలో లెక్క వేరు. అక్కడ స్ప్రింగు, షాకబ్జారు కలిసిన యూనిట్ కింది ఆర్మ్ మీద చక్రానికి లోపలివైపున బిగించి ఉంటుంది. కాబట్టి పైన 25 మి.మీ. పెడితే చక్రం దగ్గర 45–50 మి.మీ. దాకా వస్తుంది. ఈ లెక్క తెలియక 50 మి.మీ. స్పేసర్ ఇరికించిన బండ్లలో ఆక్సిల్ షాఫ్టు జాయింట్లు నిటారు కోణంలో తిరిగి, రబ్బరు బూట్లు చిరిగి, గ్రీజు బయటికి చిమ్ముతుంది. బాల్ జాయింట్ దాని చివరి హద్దు దాకా వెళ్లిపోతుంది.

ఇండిపెండెంట్‌లో స్పేసర్ పెట్టే చోటు రెండు రకాలు. యూనిట్ మొత్తానికి పైన పెడితే స్ప్రింగు మెత్తదనం మారదు, కానీ చక్రం మునుపటికన్నా కిందికి వేలాడుతుంది, గోతిలో పడి పైకి లేచినప్పుడు బంప్ స్టాపర్ (చక్రం పైకి రావడాన్ని ఆపే రబ్బరు దిమ్మ) కన్నా ముందే షాకబ్జారు లోపల అడుగంటొచ్చు. స్ప్రింగుకీ దాని పై గిన్నెకీ మధ్య పెడితే షాకబ్జారు పొడవు మారదు, కానీ కిందికి వేలాడే ప్రయాణం తరిగిపోతుంది. తారురోడ్డు మీద ఎక్కువగా తిరుగుతూ, కాస్త పెద్ద టైరుకి చోటు కోసం 20–25 మి.మీ. చాలనుకునేవారికి మంచి తయారీ స్పేసర్ తప్పేం కాదు. అంతకు మించి అడిగితే స్పేసర్ వద్దు.

స్ప్రింగుల విషయంలో అసలు ప్రశ్న గట్టిదనం. కంపెనీలు ఒకే ఎత్తుకి రెండు మూడు రకాలు అమ్ముతాయి: అదనపు బరువు లేని బండికి, సుమారు 50 కిలోల దాకా, అంతకు మించి. మీ బరువు లెక్క మీరే వేసుకోవచ్చు. స్టీలు బంపరు, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం) కలిపి ముందు 80 కిలోలు పెరిగాయనుకుందాం. ఒక్కో స్ప్రింగు మీద 40 కిలోలు, అంటే సుమారు 392 న్యూటన్లు. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 25 న్యూటన్లయితే గట్టి ఆక్సిల్ బండి ముందు 16 మి.మీ. కుంగుతుంది. ఇండిపెండెంట్‌లో పైన చెప్పిన కారణం వల్లే ఇంకా ఎక్కువ. పైగా బంపరు ముందు ఆక్సిల్‌కి బయట వేలాడుతుంది కాబట్టి ముందు స్ప్రింగుల మీద పడేది దాని అసలు బరువు కన్నా ఎక్కువ, ఆ మేరకు వెనక తేలికవుతుంది. వించ్‌కి స్టీలు తాడు బదులు సింథటిక్ తాడు వేస్తే కొన్ని కిలోలు తగ్గుతాయి. 1,200 కిలోల జిమ్నీ లాంటి చిన్న బండికి ఆ తేడా తెలుస్తుంది.

భవిష్యత్తులో బంపరు కొంటాం కదా అని ఇప్పుడే గట్టి స్ప్రింగులు వేయించడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. ఖాళీ బండి ఆ స్ప్రింగుల మీద 70, 80 మి.మీ. లేచి కూర్చుంటుంది, చక్రం కిందికి దిగే ప్రయాణం పోతుంది, కరకట్ట రోడ్డు మీద చిన్న గతుకులకే బండి ఎగిరెగిరి పడుతుంది. బంపరు కొన్న రోజునే స్ప్రింగు కొనండి.

టార్షన్ బారు, కమాన్ కట్టలు

పాత థార్‌లో ముందు భాగం లేపడానికి టార్షన్ బారు బోల్టు బిగించడం అందరికీ తెలిసిన పద్ధతి. ఖర్చు అలైన్‌మెంట్‌దే. బోల్టు తిప్పితే బారు గట్టిపడదు, బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. బండి గట్టిగా కొడుతున్నట్టు ఎందుకుంటుందంటే పై ఆర్మ్ అప్పటికే కింది రబ్బరు స్టాపర్ దగ్గరికి చేరి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ "టక్" మంటుంది. పై ఆర్మ్‌కీ ఆ రబ్బరుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ కూడా లేకపోతే అతిగా బిగించినట్టే, బోల్టు వెనక్కి తిప్పండి. 25–30 మి.మీ. దాటి లేపాలంటే గట్టి బారు, పొడుగు షాకబ్జారు రెండూ కావాలి.

కమాన్ కట్టలకు ఆటోనగర్‌లో మంచి పనివాళ్లున్నారు, లారీల పుణ్యమా అని. కట్ట విప్పి ప్లేట్లకు వంపు పెంచి మళ్లీ కట్టించడం పాత జీపులకు నిజంగా మంచి మార్గం. ఒకటే షరతు: వంపు చల్లగా ఉండగానే కొట్టి పెట్టాలి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఆ చోట ఉక్కు పదును పోతుంది, కొన్నాళ్లకు ప్లేటు కుంగుతుంది లేదా అక్కడే విరుగుతుంది. కాల్చి వంచేవాళ్లు మళ్లీ సరైన పదును పెట్టే కొలిమి ఉందని చూపిస్తే తప్ప ఒప్పుకోకండి.

అదనపు ప్లేటు వేయిస్తే ఎత్తు వస్తుంది, బరువు మోస్తుంది, ఖాళీ బండి మాత్రం బండరాయిలా ఉంటుంది. ఎప్పుడూ సామానుతో తిరిగే వీ-క్రాస్‌కి ఇది సరిపోతుంది. పొడుగు షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే కదిలే పట్టీ) వేస్తే, షాకిల్ పెరిగినదాంట్లో సగమే ఎత్తుగా వస్తుంది: 50 మి.మీ. పెంచితే 25. వెనక కట్టకు షాకిల్ వెనకవైపు ఉంటుంది కాబట్టి ఆ చివర కిందికి దిగి డిఫరెన్షియల్ ముక్కు పైకి తిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కట్టకీ ఆక్సిల్ సీటుకీ మధ్య ఒక అంచు మందంగా, మరో అంచు పలచగా ఉండే ఉక్కు బిళ్ల పెడతారు. కట్టకీ ఆక్సిల్‌కీ మధ్య దిమ్మలు పెట్టడం వెనక ఆక్సిల్‌కే, అదీ తక్కువ ఎత్తులో. ముందు ఆక్సిల్‌కి ఎప్పుడూ పెట్టొద్దు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆక్సిల్ మెలితిరిగి దిమ్మ జారితే స్టీరింగు చేతిలో ఉండదు.

కట్టను ఆక్సిల్ కింద నుంచి పైకి మార్చి అయిదారు అంగుళాలు లేపడం పాత జీపుల్లో చూస్తుంటాం. రోడ్డు మీద నడిపే బండికి అది వద్దని గట్టిగా చెప్పాలి. ఆక్సిల్ మెలితిరగడం పెరుగుతుంది, స్టీరింగు రాడ్ల కోణాలన్నీ మారతాయి, బ్రేకు పైపుల నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కి తిరుగుడు అందించే గొట్టం) దాకా అన్నీ కొత్తగా చేయించాలి. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్ట్‌ది మరో దారి. పెద్ద టైరుకి చోటిస్తుంది గానీ ఛాసిస్ కింద ఎత్తు పెంచదు. మాకు అందులో లాభం కనపడదు.

షాకబ్జార్లు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

పొడవు ముందు, రకం తరవాత. ఒక షాకబ్జారు మొత్తం ప్రయాణం 200 మి.మీ., బండి నిలబడ్డప్పుడు పైకి 100, కిందికి 100 అనుకుందాం. స్ప్రింగు మాత్రమే మార్చి 50 లేపితే పైకి 150, కిందికి 50 మిగులుతుంది. గోతిలో చక్రం సగం దూరమే దిగి గాల్లో వేలాడుతుంది, రాతి మీద పట్టు పోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు షాకబ్జారు పూర్తిగా సాగి తన్నుకుంటుంది, చివరికి రాడ్డు సీలు గానీ చివరి రింగులోని రబ్బరు బుష్ గానీ పోతుంది. 40–50 మి.మీ. లిఫ్ట్‌కి ఆ మేరకు పొడుగైన షాకబ్జారు కావాల్సిందే.

మరీ పొడుగైనదీ ప్రమాదమే. కొనే ముందు కొలవండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, స్ప్రింగు తీసేసి, ఆక్సిల్‌ని జాకీతో బంప్ స్టాపర్ తాకేదాకా లేపి, షాకబ్జారు పై బోల్టు నుంచి కింది బోల్టుకి దూరం కొలవాలి. కొత్తది పూర్తిగా కుంచించుకున్నప్పటి పొడవు దీనికన్నా కనీసం 10–15 మి.మీ. తక్కువుండాలి. లేకపోతే బండి బరువంతా స్టాపర్ మీద కాక షాకబ్జారు పిస్టన్ మీద పడి పైనున్న మౌంటింగ్‌ని చించేస్తుంది. పొడుగుదే వేయాలనుకుంటే బంప్ స్టాపర్‌ని కూడా ఆ మేరకు కిందికి పెంచాలి.

రకాల్లో, రెండు గొట్టాల గ్యాస్ షాకబ్జారు మన దారులకు చాలామందికి సరిపోయేది. ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ ఈ కోవదే. బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడినా లోపలి గొట్టంలో పిస్టన్ కదులుతూనే ఉంటుంది. దాని బలహీనత వేడి. గతుకుల మీద గంటసేపు వేగంగా పోతే నూనె పలచబడి నురగ కడుతుంది, బండి ఊగడం మొదలవుతుంది. పల్నాడు క్వారీ రోడ్ల మీద మే నెల మధ్యాహ్నం ఇది స్పష్టంగా తెలుస్తుంది. గ్యాస్ బదులు లోపల నురగ స్పాంజి పెట్టిన ఫోమ్ సెల్ రకంలో, ఐరన్‌మ్యాన్ వాళ్లది ఉదాహరణ, గ్యాస్ నూనెలో కలవదు కాబట్టి ఈ నురగ సమస్య తక్కువ. నెమ్మదిగా, బరువుతో, దూరాలు తిరిగే బండికి మంచి ఎంపిక.

బిల్‌స్టీన్ 5100 లాంటి 46 మి.మీ. పిస్టన్ ఉన్న ఒంటి గొట్టం షాకబ్జారు వేడిని నేరుగా గాలికి వదిలేస్తుంది, వేగంలో బండిని గట్టిగా పట్టుకుంటుంది. గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే మాత్రం పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. కొండరాళ్ల మధ్య తిరిగేవాళ్లు రాతి రక్షణ కవచం ఉందో లేదో చూసుకుని కొనాలి. పక్కన వేరే సిలిండరు వేలాడే ఖరీదైన రకం అందంగా ఉంటుంది, కానీ గంటలకొద్దీ గతుకుల మీద వేగంగా పోయేవాళ్లకే అది అవసరం. ఆ డబ్బుతో ఇక్కడ నాలుగు మంచి టైర్లు వస్తాయి. రాక్స్ వాళ్లు ఒకటి గమనించాలి: కంపెనీ ఇచ్చినవి కుదుపు వేగాన్ని బట్టి గట్టిదనం మార్చుకునే రకం. మార్కెట్లో దొరికే మామూలు వాటితో మారిస్తే తారురోడ్డు మీద కొంత సుఖం పోతుంది.

లేపాక సరిచేయాల్సినవి

జిమ్నీలో 50 మి.మీ. లేపితే కాస్టర్ కోణం (ముందు చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకి రాదు. గుంటూరు హైవే మీద కాజ టోల్‌గేట్ దాటాక వంద వేగంలో బండి అటూ ఇటూ తిరుగుతుంటే కారణం అదే. రేడియస్ ఆర్మ్‌కి (ఆక్సిల్‌ని ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే చేయి) మధ్య రంధ్రం పక్కకు జరిపిన కాస్టర్ బుష్‌లు వేస్తే సరిపోతుంది. పాన్‌హార్డ్ రాడ్డు (ఆక్సిల్‌ని పక్కలకు జరగకుండా పట్టే కడ్డీ) కోణం మారడం వల్ల ఆక్సిల్ సెంటీమీటరు దాకా పక్కకు జరుగుతుంది, దానికి పొడవు మార్చుకోగలిగే రాడ్డు. రాక్స్ వెనక అదే పని చేసే వాట్స్ లింకేజ్ ఉంది కాబట్టి అక్కడ ఆ బాధ అంతగా ఉండదు. స్టీరింగు చక్రం వంకరగా నిలబడితే డ్రాగ్ లింక్ (స్టీరింగు బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్డు) పొడవు సరిచేయాలి. అలా సరిచేయకుండా వదిలితే జిమ్నీలో ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) దీపం వెలుగుతుంది.

ఇండిపెండెంట్ బండ్లలో 50 మి.మీ. దగ్గర పై కంట్రోల్ ఆర్మ్ మార్చాల్సి రావొచ్చు. పాత ఆర్మ్‌తో క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), కాస్టర్ కంపెనీ హద్దుల్లోకి రాకపోతే అలైన్‌మెంట్ కాగితమే ఆ సంగతి చెబుతుంది, కాబట్టి ముందూ తరవాతా రెండు కాగితాలూ అడిగి తీసుకోండి. రెండు చివర్లా ఒక్కో క్రాస్ (వంగుతూ తిరిగే జాయింటు) ఉన్న ప్రొపెల్లర్ షాఫ్టులో గేర్‌బాక్సు వైపు కోణం, డిఫరెన్షియల్ వైపు కోణం దాదాపు సమానంగా, డిగ్రీ తేడాలోపు ఉండాలి. అరవై, డెబ్బై వేగంలో సన్నటి వణుకు వస్తే ముందు ఇదే చూడాలి.

బ్రేకు పైపుల్ని చక్రం పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు వైపులా తిప్పి చూడండి. బిగుసుకుంటే పొడుగు పైపు తప్పదు. వెనక ఆక్సిల్‌కి రాడ్డుతో కలిపిన బ్రేకు ప్రెజర్ వాల్వు ఉన్న బండిని లేపితే, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. రాడ్డు బ్రాకెట్‌ని లేపిన మేరకు జరపాలి. ఈ వాల్వు సంగతి మెకానిక్ ఎత్తకపోతే మీరే గుర్తు చేయండి.

పాలీయూరిథేన్ బుష్‌లు అన్నిచోట్లా వద్దు. కమాన్ కట్ట చివరి రింగులకు సరే, రేడియస్ ఆర్మ్‌లకు రబ్బరే మేలు, ఆక్సిల్ మెలితిరగడానికి వీలిస్తుంది. రేగడి దుమ్ములో పాలీ బుష్‌లు కీచుమంటాయి, సిలికాన్ గ్రీజు పెడుతుండాలి.

చట్టం గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీ వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని 182ఏ సెక్షన్ చెబుతుంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు దాచుకోండి. పాత విడిభాగాలు అమ్మేయకండి.

లిఫ్ట్ చేసిన బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ముందూ వెనకా డిఫరెన్షియల్ నూనె కాస్త తీయించి చూడండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. నూనె పాల రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే.

బిగించే రోజు

ఫుల్ ట్యాంకుతో, సమతలమైన నేల మీద, నాలుగు చక్రాల్లో ఒక్కోదాని మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచుకి దూరం కొలిచి రాసుకోండి. కొత్త స్ప్రింగుల్లో కుడి ఎడమలకు వేర్వేరు పొడవులుండొచ్చు, అట్టపెట్టె మీద రాసింది చూడకుండా బిగిస్తే బండి ఒక పక్కకి వాలుతుంది. స్ప్రింగు కొస దాని గిన్నెలోని గుంటలో కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడాలి. ఆక్సిల్ బరువు బ్రేకు పైపు మీదా, ఏబీఎస్ తీగ మీదా వేలాడకూడదు. యూబోల్టులు విప్పితే కొత్తవే వేయాలి.

ఇక అందరూ మరచేది: ఆర్మ్‌లు, రాడ్లు, షాకిల్ బోల్టులన్నీ చేత్తో బిగించి, బండిని నేలకు దించి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు తోసి, బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు ఇవ్వాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది. అప్పటిదాకా బండి కొలతకన్నా కాస్త ఎత్తుగా కూడా నిలబడుతుంది, దాన్ని చూసి స్ప్రింగు బాగుందనుకుంటారు.

500 కిలోమీటర్ల తరవాత యూబోల్టుల నుంచి షాకబ్జారు బోల్టుల దాకా టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఎత్తులు మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగు 5–10 మి.మీ. సర్దుకోవడం మామూలే, ఒక పక్కే దిగితే షాపుకి తిరిగి తీసుకెళ్లండి. అలైన్‌మెంట్ ఇంకోసారి చేయించి, హెడ్‌లైట్లు కిందికి దించండి. ముందు లేచిన బండి వెలుగు ఎదురొచ్చే వాడి కళ్లలో పడుతుంది, రాత్రిపూట హైవే మీద అది చిన్న విషయం కాదు.